బొమ్మల కార్డూ, బేరం లెక్కా

చీర కొనడానికి వెళ్ళినప్పుడు మనం ఏం చేస్తాం? కొంగు పట్టుకుని గుమ్మం దగ్గరి వెలుతురులోకి తీసుకువెళతాం. రెండు వేళ్ళ మధ్య నలిపి చూస్తాం. "ప్యూర్ సిల్కమ్మా, చెయ్యి వేసి చూడండి" అని షాపువాడు ప్రమాణం చేసినంత మాత్రాన పర్సు తెరవం. అంచులోంచి ఒక్క పోగు లాగి, కాల్చి, వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, రాకపోతే వాడి మాట ఉత్తుత్తిది అని మా పెద్దమ్మ తేల్చేసేది. ఆవిడ ఏ కాలేజీలోనూ కెమిస్ట్రీ చదవలేదు.

మరి కంప్యూటర్లో పెట్టే గ్రాఫిక్స్ కార్డుని ఏం చేసి చూడాలి? నలపడానికి అది బట్ట కాదు, వాసన చూడటానికి పచ్చడి కాదు. ఇటుకంత నల్లటి దిమ్మె, దానికి రెండో మూడో బుల్లి ఫాన్లు, పెట్టె మీద కళ్ళెర్రజేసిన రాక్షసుడి బొమ్మ. ధర చూస్తే మన కళ్ళే ఎర్రబడతాయి. పాతిక వేలది ఒకటి, దాని పక్కనే నలభై వేలది, ఆ పైన లక్ష దాటినవీ. అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. పేర్లు చూద్దామా అంటే అవి పేర్లు కావు, అంకెలు.

ఇలాంటి వస్తువుతో మనకేం పని అని పేజీ తిప్పేయకండి. ఇవాళ మధ్యతరగతి ఇంట్లో ఫ్రిజ్ కంటే ఎక్కువ డబ్బు పోసి కొనే వస్తువుల్లో ఇదొకటి. అబ్బాయి ఆటల కోసం అడుగుతాడు. మరిది వీడియో ఎడిటింగ్ అంటాడు. మా ఇంట్లో అడిగింది అమ్మాయి. 2012లో 'ఈగ' సినిమా వచ్చినప్పుడు నా ఒళ్ళో కూర్చుని చూసింది. తెర మీద ఎగిరిన ఆ ఈగ మన హైదరాబాదులోనే తయారైందని తెలిసిన రోజునుంచీ దానికి ఇదే ధ్యాస. ఇప్పుడు యానిమేషన్ డిగ్రీ రెండో ఏడు. ఫీజులు కట్టగా మిగిలినదాంట్లోంచే ఈ కార్డు కొనాలి. ఒక్కసారే కొనగలం. చదువు పూర్తయి, మొదటి జీతం వచ్చేదాకా అదే పనిచెయ్యాలి.

నేను బి.ఏ. చదివినదాన్ని. చరిత్ర తప్ప ఇంకే శాస్త్రమూ నాకు వంటపట్టలేదు. అంచేత పెళ్ళిసంబంధం వచ్చినప్పుడు రెండు తరాలు వెనక్కి వెళ్ళి వాకబు చేసినట్టు, ఈ కార్డుల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం మొదలుపెట్టాను. చెప్పొద్దూ, చాలా నవలల కంటే బాగుంది.

కథ 1981లో మొదలవుతుంది. ఆ ఏడు ఐబిఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ని అమెరికాలో అమ్మకానికి పెట్టింది. తెర మీద ఏదైనా కనిపించాలంటే దానికి కార్డు విడిగా తీసుకోవాలి. రెండు రకాలు. మొదటిది ఒంటిరంగు కార్డు. వరుసకు 80 అక్షరాల చొప్పున 25 వరుసలు. అక్షరం ముత్యంలా ఉండేది గానీ బొమ్మ గియ్యమంటే చేతులెత్తేసేది. రెండోది రంగుల కార్డు. అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు, బొమ్మకు నాలుగే రంగులు. దాని మీద ఉత్తరం టైపు చేసుకుంటే కళ్ళు నొప్పి. అక్షరం కావాలా, రంగు కావాలా? పుట్టిన రోజునే కొనేవాళ్ళకి ఈ ప్రశ్న ఎదురైందన్నమాట.

దీనికి సమాధానం వెతికినవాడు అమెరికా వ్యాపారి కాదు, థాయిలాండ్ వాడు. వాన్ సువన్నుకుల్ అని ఒకాయన. తన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసాన్ని థాయి లిపిలో రాసుకోవాలని ఆయన కోరిక. ఒంటిరంగు కార్డుకి ఇంగ్లీషు అక్షరాలు తప్ప రావు. రంగుల కార్డులో చుక్కలు చాలవు. థాయి అక్షరాలు కూడా మన అక్షరాల్లాగే నెత్తిన కొన్ని గుర్తులు, కింద కొన్ని గుర్తులు మోసుకుని తిరుగుతాయి మరి. ఆయన 720 అడ్డం, 348 నిలువు చుక్కలుండే కార్డు తయారుచేశాడు. 1982లో హెర్క్యులిస్ అనే కంపెనీ వెలిసింది. తర్వాత ఆ కార్డు ప్రపంచమంతా అమ్ముడుపోయింది. ఒక మనిషి మాతృభాషలో రాసుకోవాలని పట్టుబట్టడం వల్ల పుట్టిన వస్తువది. రచయిత్రిని గనక, ఈ ఒక్క సంగతికే నాకు ఈ కార్డుల మీద సగం కోపం పోయింది.

మనకీ అలాంటి కార్డు ఒకటుండేది. ఐఐటీ కాన్పూర్‌లో జరిగిన పరిశోధన ఆధారంగా, 1988లో ఏర్పడిన పుణేలోని సీ-డాక్ సంస్థ 'జిస్ట్' కార్డుని తయారుచేసింది. దాన్ని మామూలు పీసీలో దూరిస్తే తెలుగుతో సహా మన దేశపు లిపులు తెర మీద కనిపించేవి. ఇవాళ ఫోనులో వేలితో తోసి "ఏం వండావు?" అని తెలుగులో పంపుతున్నాం గానీ, తెర మీద ఒక 'క్ష్మి' రావడానికి ప్రత్యేకంగా కార్డు కొనవలసిన రోజులున్నాయి.

ఇహ ఆ కార్డు చేసే పనేమిటో చెప్పాలి. తెరంటే చుక్కల ముగ్గు. ఇవాళ్టి మామూలు తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు. కదిలే బొమ్మ నున్నగా కనిపించాలంటే ఆ ముగ్గంతా సెకనుకి అరవైసార్లు తుడిచి మళ్ళీ వెయ్యాలి. అంటే సెకనుకి 12 కోట్లకు పైగా చుక్కల రంగు తేల్చాలి. కంప్యూటర్‌కి అసలు మెదడైన ప్రాసెసర్ ఉందిగా అంటారేమో. అది చెయ్యి తిరిగిన వంటమనిషి లాంటిది, ఎంత కష్టమైన వంటకమైనా చేస్తుంది. కానీ పెళ్ళిలో పదివేల గారెలు వత్తాలంటే అలాంటివారు ఒకరు చాలరు. గారె వత్తడం ఒక్కటే వచ్చిన మనుషులు వందలమంది కావాలి. గ్రాఫిక్స్ చిప్ ఆ వందలమంది.

1990ల మొదట్లో ఈ పనితనం లక్షల రూపాయల యంత్రాల్లోనే ఉండేది. 1993లో వచ్చిన 'జురాసిక్ పార్క్' సినిమాలో కంప్యూటర్ రాక్షసబల్లులు పరుగెత్తింది సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ యంత్రాల మీదే. ఆ కంపెనీలో పనిచేసి వచ్చిన ఇంజనీర్లు 1994లో కాలిఫోర్నియాలో త్రీడీఎఫ్ఎక్స్ అనే కంపెనీ పెట్టారు. 1996లో మెమరీ చిప్పుల ధరలు దబ్బున పడ్డాయి. ఇళ్ళలో అమ్మగలిగే ధరకి, సుమారు 300 డాలర్లకి, వాళ్ళ 'వూడూ' కార్డు బజారులోకి వచ్చింది. తమాషా ఏమిటంటే అది మామూలు పనులేవీ చెయ్యదు. ఉత్తరాలు చూపించడానికి పాత కార్డు ఉండాల్సిందే. త్రీడీ ఆట మొదలుపెడితే మాత్రం ఇది రంగంలోకి దిగుతుంది. 1998లో వచ్చిన వూడూ-2లో ఇంకో అడుగు వేశారు. ఇద్దరు తోడికోడళ్ళు పనులు పంచుకున్నట్టు, రెండు కార్డులు కలిపి పెడితే సరి గీతలు ఒకటీ, బేసి గీతలు ఒకటీ గీసేవి. పాత కార్డుతో కలిపి మొత్తం మూడు కార్డులు! వేపకాయంత వెర్రి ఏ దేశంలోనైనా ఉంటుంది.

ఈ కార్డుల్ని పోల్చి చూసే విద్య కూడా అప్పుడే ఊపందుకుంది. 1996లో వచ్చిన 'క్వేక్' అనే ఆటలో ఒక సదుపాయం ఉండేది. ముందే రికార్డు చేసిన ఆటని యంత్రం చేతనైనంత వేగంగా తిరిగి నడిపించి, చివర సెకనుకి సగటున ఎన్ని బొమ్మలు వచ్చాయో చెప్పేది. ఆట ఒకటే, దారి ఒకటే. మారేది కార్డు మాత్రమే. పెట్టె మీద రాసిన గొప్పల్ని సరిచూసుకోవడానికి కొనుగోలుదారు చేతికి ఒక తక్కెడ దొరికింది. ఆ తక్కెడ పట్టుకున్నవాళ్ళెవరో చూడండి. 1996లో థామస్ పాబ్స్ట్ అనే జర్మనీ వైద్యుడు కంప్యూటర్ భాగాలను పరీక్షించి ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టాడు. 1997లో ఆనంద్ లాల్ శింపీ అనే పధ్నాలుగేళ్ళ కుర్రాడు ఆనంద్‌టెక్ పేరుతో ఇంకొకటి మొదలుపెట్టాడు. అది 2024 దాకా నడిచింది. కంపెనీలు ఒక డాక్టరుకీ, ఒక బడిపిల్లాడికీ జంకవలసిన రోజులొచ్చాయి.

తక్కెడ వచ్చాక రాజ్యాలు కూలడం మొదలైంది. ఎన్విడియా కంపెనీ 1993లో పుట్టింది. దాని మొదటి చిప్ 1995లో వచ్చి బోల్తాపడింది. తర్వాతవి ఒక్కొక్కటే పుంజుకున్నాయి. త్రీడీఎఫ్ఎక్స్ వారు మాత్రం ఒక కార్డుల తయారీ కంపెనీని కొనేసి, ఇకమీదట మా చిప్పులతో మేమే కార్డులు చేసుకుంటాం అన్నారు. అంతకుముందు వాళ్ళ చిప్పులు కొని కార్డులు చేసి అమ్మినవాళ్ళు ఎన్విడియా గుమ్మం తొక్కారు. 1999లో వూడూ-3 వచ్చేసరికి ఎదుటివాళ్ళు త్రీడీలో 32 బిట్ల రంగు చూపిస్తుంటే, ఇది 16 దగ్గరే ఆగిపోయింది. ఆటలో అంత తేడా కనిపించదని వాళ్ళు వాదించారు, అందులో కొంత నిజమూ ఉంది. కానీ పెట్టె మీద 32 ఉన్న సరుకు పక్కన 16 ఉన్న సరుకు అమ్మడం ఎంత కష్టమో మనకి తెలియదా? 1999లోనే ఎన్విడియా జీఫోర్స్ 256 తెచ్చి, దాన్ని ప్రపంచంలోకెల్లా మొదటి 'జీపీయూ' అని ప్రచారం చేసుకుంది. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ తన ఆస్తుల్ని ఆ ఎన్విడియాకే అమ్ముకుంది. నాలుగేళ్ళ వైభవం. ఇలాంటి కథ రాజవంశాల్లో చదివితే నూరేళ్ళు పడుతుంది.

మిగిలిన పోటీదారు కెనడాకి చెందిన ఏటీఐ. 2000 నుంచి దాని కార్డులకు రేడియాన్ అని పేరు. 2006లో ఏఎండీ కంపెనీ దాన్ని సుమారు 540 కోట్ల డాలర్లకు కొనేసింది.

అసలు రసవత్తరమైన ఘట్టం ఇక్కడుంది. తక్కెడ ఉన్నచోట రాళ్ళు మార్చేవాళ్ళు కూడా ఉంటారు కదా!

2001లో ఏటీఐ వారి రేడియాన్ 8500 కార్డు 'క్వేక్-3' ఆటలో మంచి అంకెలు చూపించింది. హార్డ్ఓసీపీ అనే సమీక్షకులకు అనుమానం వచ్చింది. వాళ్ళు చేసిన పని ఎంత సులువైనదో వినండి. ఆట ఫైలు పేరులో 'క్వేక్' అన్నచోట 'క్వాక్' అని మార్చారు. అంతే. ఆట అదే, కార్డు అదే, వేగం మాత్రం తగ్గింది. కార్డుని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఆట పేరు చూసి, 'ఓహో, ఇది పరీక్ష' అని గుర్తుపట్టి, బొమ్మ నాణ్యత కొంచెం తగ్గించి వేగం పెంచుతోందని బయటపడింది. ఇంగ్లీషులో క్వాక్ అంటే నకిలీ వైద్యుడు అని కూడా అర్థం. ఆ పేరు ఎంచినవాళ్ళ వెటకారానికి దణ్ణం పెట్టాలి.

రెండేళ్ళు తిరక్కుండా వంతు ఎన్విడియాది. ఫిన్లాండ్‌లో ఫ్యూచర్‌మార్క్ అనే సంస్థ 'త్రీడీమార్క్' అని పరీక్షల కోసమే ఒక ప్రోగ్రాం చేసేది. 2003లో వచ్చిన దాని కొత్త పరీక్షలో కెమెరా ముందే నిర్ణయించిన దారిలో, రైలుపెట్టెలా, వెళుతుంది. అటూ ఇటూ తిరగదు. సినిమా సెట్టులో కెమెరాకి కనిపించే గోడకే రంగు వేస్తారు చూశారూ? ఎన్విడియా డ్రైవర్ కూడా అదే చేసింది. ఆ దారిలోంచి కనిపించని ఆకాశాన్ని గియ్యడమే మానేసింది. ఇంజనీర్ల కోసం చేసిన వేరే కూర్పులో కెమెరాని ఇష్టమొచ్చినట్టు తిప్పవచ్చు. తిప్పి చూస్తే గుట్టు రట్టయింది. మే నెలలో ఫ్యూచర్‌మార్క్ ఆ గుర్తుపట్టే తంత్రాలేవీ పనిచెయ్యకుండా పరీక్షను సవరించింది. 499 డాలర్ల జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5900 అల్ట్రా కార్డు మార్కులు 24.1 శాతం పడిపోయాయి. ఏటీఐ కార్డుకీ 1.9 శాతం తగ్గాయి. అంటే అటుపక్కవాళ్ళూ పూర్తిగా పత్తిత్తులేం కాదు.

తర్వాత జరిగింది నాకు ఇంకా విచిత్రం. కొద్ది రోజులకే ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా కలిసి ఒక ప్రకటన చేశాయి. అందులో 'మోసం' అన్న మాట పోయి, 'ఒక ప్రోగ్రాంకి తగ్గట్టు చేసిన మెరుగు' అన్న అర్థం వచ్చే మాట చేరింది. పంచాయతీలో పెద్దమనుషులు కూర్చుని దొంగతనాన్ని చేబదులుగా మార్చినట్టు! ఒక్క పరీక్షలో వచ్చిన మార్కులు చూసి అల్లుణ్ణి ఖాయం చేసుకోకూడదని మన పెద్దవాళ్ళకి తెలుసు. సమీక్షకులకి కూడా ఆ ఏడాది తెలిసివచ్చింది. పది రకాల ఆటలతో పరీక్షించడం, కంపెనీకి ముందుగా తెలియని ఘట్టాలు ఎంచుకోవడం మొదలుపెట్టారు.

అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. అది సగటు. మనకి ఆర్టీసీ బస్సుల అనుభవం ఉంది గనక తేలిగ్గా అర్థమవుతుంది. గంటకి ఆరు బస్సులని బోర్డు మీద ఉంటుంది. అబద్ధం కాదు. అయిదు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, తర్వాత ముప్పావుగంట ఒక్కటీ రాదు. సెకనుకి అరవై బొమ్మలన్న మాట కూడా అంతే. వెయ్యి మిల్లీసెకన్లలో 59 బొమ్మలు పదేసి మిల్లీసెకన్లలో వచ్చేసి, అరవయ్యోది 410 తీసుకుందనుకోండి. లెక్క సరిగ్గా అరవయ్యే. చూసేవాడి కంటికి మాత్రం తెర గుక్కపట్టినట్టు ఆగిపోతుంది. 2011లో టెక్ రిపోర్ట్ పత్రికలో స్కాట్ వాసన్ ఈ సంగతి పట్టుకుని, సెకను లోపలికి తొంగిచూసి ఒక్కొక్క బొమ్మకీ ఎంత సమయం పట్టిందో కొలిచి ప్రచురించాడు. అప్పటిదాకా గొప్పవనుకున్న కొన్ని జంట కార్డుల ఏర్పాట్లు వెలవెలపోయాయి. ఇప్పుడు మంచి సమీక్షలో సగటు పక్కనే, నూటికి ఒకటి చొప్పున అతి నెమ్మదిగా వచ్చిన బొమ్మల లెక్క కూడా ఉంటుంది. నేను ముందు ఆ అంకే చూస్తాను.

ఇక ధర. మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి చూపించింది. "అమ్మా, చాలా సింపుల్. ధరని బొమ్మల సంఖ్యతో భాగించు. ఎవరికి తక్కువొస్తే అదే కొనాలి."

లెక్క చూశాను. ముప్ఫై వేల కార్డు సెకనుకి 60 బొమ్మలిస్తే బొమ్మకి 500 రూపాయలు. నలభై అయిదు వేల కార్డు 80 బొమ్మలిస్తే 562. అంచేత మొదటిదే చవక.

"ఒసేయ్, కార్డుని గాలిలో పెట్టి నడుపుతావా? మిగతా కంప్యూటర్ ఎవరిస్తారు?" అన్నాను.

కంప్యూటర్ కూడా కొత్తది కొనాలంటే ఇంకో యాభై వేలు. ఇప్పుడు భాగించండి. ఎనభై వేలని 60తో భాగిస్తే 1333. తొంభై అయిదు వేలని 80తో భాగిస్తే 1187. ఖరీదైన కార్డే చవక అయి కూర్చుంది! రెండు లెక్కలూ నిజమే. ఇంట్లో మంచి కంప్యూటర్ ఉన్నవాళ్ళకి మొదటిది, అంతా కొత్తగా కొనేవాళ్ళకి రెండోది. ఈ రెండో లెక్క అమ్మేవాళ్ళకి మహా ఇష్టం, "ఇంత పెట్టారు, ఇంకో పదిహేను వేలకి వెనకాడతారా మేడమ్?" అనడానికి. అలా పదిహేను చొప్పున ఎక్కించి లక్ష దాటించగల సమర్థులున్నారు. నగల షాపుల్లో చూడటంలేదూ?

పాత కంప్యూటర్ ఉందిగా అని ధీమా పడటానికీ లేదు. ఇంటెల్ కంపెనీ 2024 డిసెంబరులో 249 డాలర్లకి ఆర్క్ బి580 అనే కార్డు తెచ్చింది. 12 జీబీ మెమరీ, ఆ ధరకి మంచి పనితనం అని సమీక్షలన్నీ మెచ్చుకున్నాయి. నెల తిరక్కుండా ఒక సంగతి బయటపడింది. పాత ప్రాసెసర్ పక్కన పెడితే ఈ కార్డు వేగం బాగా తగ్గుతోంది. సమీక్షకులేమో కార్డు సత్తా పూర్తిగా తెలియాలని అన్నింటికంటే మంచి ప్రాసెసర్‌తో పరీక్షిస్తారు. చవక కార్డు కొనేవాళ్ళ ఇంట్లో ఉండేది మాత్రం అయిదేళ్ళనాటి కంప్యూటర్. కారులో తిరిగేవాడు సైకిల్ రోడ్డు బాగుందని చెప్పినట్టు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. కంచి పట్టు అన్న ఒక్క పేరు కింద ఎన్ని రకాలు అమ్ముతారో మీకు తెలుసు. 2016లో ఎన్విడియా జీటీఎక్స్ 1060 అనే కార్డు 6 జీబీ మెమరీతో 249 డాలర్లకి వచ్చింది. నెల తర్వాత అదే పేరుతో 3 జీబీది 199 డాలర్లకి వచ్చింది. మెమరీ సగం అనే కదా పెట్టె చూసినవాళ్ళు అనుకునేది? లోపల గారెలు వత్తే మనుషుల్ని కూడా 1280 నుంచి 1152కి తగ్గించారు. 2018లో జీటీ 1030 అనే చిన్న కార్డుకి పేరు మార్చకుండా మెమరీ రకం మార్చారు. సమాచారం అందే వేగం సుమారు మూడోవంతుకి పడిపోయింది. చవక కార్డు కొనేవాళ్ళకే ఇలా జరగడం నాకు ఒళ్ళుమంట. వాళ్ళ దగ్గర రెండోసారి కొనడానికి డబ్బుండదు.

2014లో వచ్చిన జీటీఎక్స్ 970ది ఇంకో కథ. 329 డాలర్లు, 4 జీబీ మెమరీ అన్నారు. 2015 జనవరిలో తేలిందేమిటంటే, అందులో మూడున్నర జీబీయే పూర్తి వేగంతో పనిచేస్తుంది. చివరి అరజీబీ నత్తనడక. ఇంజనీర్లకీ ప్రచారం చేసేవాళ్ళకీ మధ్య సమాచారం సరిగా అందలేదని కంపెనీ సంజాయిషీ. అమెరికాలో కోర్టుకి వెళ్ళిన కొనుగోలుదార్లతో 2016లో రాజీ కుదిరి, కార్డుకి 30 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 2022 సెప్టెంబరులో ఆర్టీఎక్స్ 4080 అనే ఒకే పేరుతో 1199 డాలర్లకి 16 జీబీదీ, 899 డాలర్లకి 12 జీబీదీ ప్రకటించారు. రెండింటి లోపలి చిప్పులే వేరు. ఈసారి గోల ఎంత పెద్దదయిందంటే, నెల గడవకముందే రెండోదాన్ని ఉపసంహరించుకున్నారు. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ అనే పేరుతో, వంద డాలర్లు తగ్గి, మళ్ళీ ప్రత్యక్షమైంది. వంద డాలర్లంటే మన లెక్కలో ఎనిమిది వేల పైమాటే. కేకలు వేసినందుకు దక్కిన కూలి.

ఇంత పరిశోధించి, ఏది మంచిదో తేల్చుకుని షాపుకి వెళితే సరుకే దొరకని రోజులూ వచ్చాయి. 2020 సెప్టెంబరులో 699 డాలర్లన్న ఆర్టీఎక్స్ 3080 నిమిషాల్లో అయిపోయింది. కరోనాతో అందరూ ఇళ్ళలో ఉన్నారు, చిప్పులకి కరువు. దానికి తోడు ఈథీరియం అనే డిజిటల్ నాణెం కోసం ఈ కార్డుల్ని రాత్రింబగళ్ళు తిప్పి డబ్బు చేసుకునేవాళ్ళు ఎగబడ్డారు. అమెరికాలో ఒక పెద్ద దుకాణం కార్డు కొనే అవకాశానికి లాటరీ పెట్టింది! 2021లో ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060లో నాణేల పని సగం వేగంతోనే జరిగేలా తాళం వేసింది. తర్వాతి నెలలో తామే పొరపాటున ఆ తాళం తెరిచే డ్రైవర్‌ని విడుదల చేశారు. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం ఆ పద్ధతికే స్వస్తి చెప్పింది. రాత్రికి రాత్రి పనిలేకుండా పోయిన కార్డులు సెకండ్‌హ్యాండ్ బజారులో గుట్టలు పడ్డాయి. మా అమ్మాయి స్నేహితురాలు అలాంటిదొకటి సగం ధరకి తీసుకుంది, ఇప్పటికీ నడుస్తోంది. నేను మాత్రం వారంటీ కాగితం లేనిది ఇంట్లోకి రానివ్వను. అది నా స్వభావం, సలహా కాదు.

కొత్తగా వచ్చిన గారడీ ఇంకోటి ఉంది. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ వేదిక మీద నిలబడి, 549 డాలర్ల ఆర్టీఎక్స్ 5070 కార్డు, 1599 డాలర్ల పాత 4090 అంత పనితనం చూపిస్తుందన్నాడు. చప్పట్లు మోగాయి. కిటుకేమిటంటే, కార్డు నిజంగా లెక్కకట్టి గీసే ప్రతి బొమ్మకీ మూడు బొమ్మల దాకా కృత్రిమ మేధతో ఊహించి మధ్యలో ఇరికిస్తుంది. తెర మీద కదలిక నున్నగానే ఉంటుంది, నేను చూశాను. కానీ గీసినది ఒకటి, ఊహించినవి మూడు కలిపి నాలుగు అని లెక్కచెబితే, పాలల్లో కలిపిన నీళ్ళని కూడా పాల కొలతలోనే చేర్చినట్టు. సమీక్షలో అంకె కనిపించగానే అది గీసిన బొమ్మల లెక్కా, ఊహించినవాటితో కలిపిన లెక్కా అని ముందు అడగాలి.

మా అమ్మాయి పనికి ఈ సెకనుకి బొమ్మల గొడవే అంతగా లేదు. అది వాడేది బ్లెండర్ అనే ప్రోగ్రాం, ఉచితం. అందులో ఒక్కొక్క బొమ్మనీ నిమిషాలకొద్దీ వండుతారు. ఏ కార్డు ఎంత వేగంగా వండుతుందో ప్రపంచంలోని వాడకందార్లు పంపిన ఫలితాలన్నీ బ్లెండర్ వారే ఒకచోట పెట్టారు. అక్కడ చూస్తే ఈ పనిలో ఎన్విడియా కార్డులే ముందున్నాయి. ఆటల్లో చవకగా కనిపించిన ఏఎండీ కార్డు ఇక్కడ చవక కాకుండా పోయింది. పైగా గియ్యవలసిన దృశ్యమంతా కార్డు మెమరీలో పట్టాలి. పట్టకపోతే పని నత్తనడక నడుస్తుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. చిన్న గిన్నెలో పెద్ద వంట అవదు కదా.

చివరికి 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్టీఎక్స్ 5060 టీఐ దగ్గర మా వెతుకులాట ఆగింది. మళ్ళీ అదే పాత పాట. ఒకే పేరు, రెండు కార్డులు. 8 జీబీది 379 డాలర్లు, 16 జీబీది 429. ఆ 8 జీబీ కార్డుని సమీక్షకులు చాలామంది తామే కొని పరీక్షించుకోవలసి వచ్చింది. అడగ్గానే పంపని సరుకు గురించి నాకు వేరే సమీక్ష అక్కర్లేదు.

సికింద్రాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఇద్దరం వెళ్ళాం. కౌంటర్‌లో కుర్రవాడు 8 జీబీ పెట్టె తీసి, "రెండూ సేమ్ చిప్పే మేడమ్, ఇది స్టాక్ ఉంది" అన్నాడు. నిజమే, ఈసారి చిప్ ఒకటే.

"చిప్ సంగతి సరే బాబూ, గిన్నె పెద్దది కావాలి" అన్నాను.

కుర్రవాడికి అర్థం కాలేదు. మా అమ్మాయి సిగ్గుతో తల పక్కకి తిప్పుకుని, "సిక్స్‌టీన్ జీబీ చూపించండి" అంది. వాడు లోపలికి వెళ్ళి తెచ్చాడు. పెట్టె మీద అంకె, బిల్లులో అంకె, కార్డు వెనక అతికించిన చీటీలో అంకె, మూడూ ఒకటేనా అని సరిచూసి, 18 శాతం జీఎస్టీతో సహా బిల్లు రాయించుకున్నాను.